బ్రేకు పరీక్షలో పాసయ్యామన్న మాట చాలదు

ఒంగోలు బస్టాండు ఎదుటైనా, నెల్లూరు రైల్వే స్టేషను బయటైనా పసుపు ప్లేటు కార్లు నడిపేవారిని మీ బండి బ్రేకులు ఎలా ఉన్నాయని అడిగితే, మొన్ననే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష) అయిందని సమాధానం వస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు గానీ, అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఎఫ్‌సీ అయిందంటే ఆ రోజున, ఆ పరీక్షలో, నియమం పెట్టిన కనీస హద్దు కంటే ఈ బండి పైన ఉందని అర్థం. ఎంత పైన ఉంది, ఏ చక్రం హద్దుకు చేరువగా వచ్చింది, నిరుటికీ ఇప్పటికీ ఏం మారింది అన్న సంగతులు యంత్రం కొలిచిన అంకెల్లో ఉంటాయి. ఆ అంకెలు బండి నడిపే మనిషి చేతికి రావాలని, వచ్చాక వాటిని చదవడం ఆయనకు తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 56వ సెక్షను ప్రకారం, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషను చెల్లుబాటు కాదు. 1989 నాటి కేంద్ర నియమాల్లో 62వది ఆ సర్టిఫికెట్ గడువును నిర్ణయిస్తుంది: బండికి ఎనిమిదేళ్లు నిండేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా పరీక్షకు వెళ్లాలి. సొంత కార్లకైతే తొలి 15 ఏళ్లు ఈ పరీక్షే లేదు. రిజిస్ట్రేషను పునరుద్ధరించుకునేటప్పుడు ఒకసారి, ఆపైన ఐదేళ్లకోసారి ఉంటుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారు ఏటా పరీక్షకు పోవలసిందే. జర్మనీలో మొదటి మూడేళ్ల తర్వాత రెండేళ్లకోసారి వెళ్లాలి. పదహారో నంబరు జాతీయ రహదారి మీద గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో కావలి నుంచి చెన్నైకి కుటుంబాన్ని తీసుకుపోయే సొంత కారుకు 14 ఏళ్లపాటు ఒక్కసారి కూడా బ్రేకు బలం కొలవకపోయినా మన చట్టం అభ్యంతరం చెప్పదు. అందుచేత ఇక్కడ రాస్తున్నది టాక్సీవారి కోసం ఎంతో, సొంత కారు ఉన్నవారి కోసమూ అంతే.

మోటారు వాహనాల తనిఖీ అధికారిని మన జిల్లాల్లో అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఆయన బండిని కొంత దూరం నడిపించి, గట్టిగా బ్రేకు వేయించి, అది ఆగిన తీరు చూసి తీర్పు చెప్పడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అనుభవం ఉన్న అధికారి కంటికి చాలా తెలుస్తుందన్నది నిజమే, ఆ నైపుణ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ తీర్పు ఒక మాటగానే మిగులుతుంది. ఏడాది తర్వాత దానితో పోల్చి చూసుకోవడానికి ఏదీ ఉండదు. 2021 సెప్టెంబరులో కేంద్రం యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు నియమాలు ప్రకటించాక ఈ పరిస్థితి మారడానికి దారి ఏర్పడింది. రోలర్ల యంత్రం కళ్లతో చూడదు, కొలుస్తుంది. కొలిచినదాన్ని కాగితం మీద పెట్టగలదు.

ఆ యంత్రం పనితీరు తెలిస్తే దాని అంకెలు బెదిరించవు. నేలలో అమర్చిన రెండు జతల రోలర్ల మీదికి ముందు చక్రాలు రెండింటినీ ఎక్కిస్తారు. మోటార్లు ఆ రోలర్లను మనిషి నడక వేగానికి అటూ ఇటూగా తిప్పుతాయి, వాటితోపాటు చక్రాలూ తిరుగుతాయి. డ్రైవరు బ్రేకు పెడల్ మెల్లగా నొక్కుతూ పోతే చక్రం రోలరును ఆపబోతుంది, మోటారు ఆగకుండా తిప్పబోతుంది. ఆ పెనుగులాటలో ఎంత బలం పడిందన్నదే యంత్రం ప్రతి చక్రానికీ విడివిడిగా చూపే అంకె. కొన్ని యంత్రాలు దాన్ని కిలోల బలంగా చూపుతాయి, కొన్ని కిలోన్యూటన్లలో చూపుతాయి. ఒక కిలోన్యూటన్ అంటే దాదాపు 102 కిలోల బలం. తర్వాత వెనుక చక్రాలు, ఆ తర్వాత హ్యాండ్ బ్రేకు. నాలుగు చక్రాల బలాన్ని కూడి, బండి బరువుతో భాగించి, నూరుతో గుణిస్తే వచ్చేది బ్రేకు సామర్థ్యం శాతం.

మా బావగారు కావలిలో టాక్సీ నడుపుతారు. ఒక ఏడాది పరీక్షలో ఆయన బండి నిలిచిపోయింది. యంత్రం కొలిచిన అంకెల చీటీ చేతికిచ్చినవారు బ్రేకు ఫెయిలని చెప్పారే తప్ప ఏ చక్రమో, ఏ లోపమో చెప్పలేదు. "బ్రేకు బాగానే పడతా ఉండాది గదా బావా, ఫెయిలెట్టవుద్ది?" అని ఆయన నన్ను అడిగారు. మొదట చూపించిన మెకానిక్కు నాలుగు చక్రాలకూ ప్యాడ్లు, షూలు మార్చి, పెడల్ ఒత్తిడిని బ్రేకు ఆయిలుకు అందించే మాస్టర్ సిలిండర్ కూడా కొత్తది వేయాలన్నాడు. చీటీలో ఉన్న అంకెలు ఇవి: ముందు ఎడమ 262 కిలోలు, ముందు కుడి 171, వెనుక ఎడమ 112, వెనుక కుడి 104. లెక్కలోకి తీసుకున్న బండి బరువు 1,080 కిలోలు.

కూడితే 649. బరువుతో భాగిస్తే 60 శాతం పైచిలుకు. యూరోపియన్ యూనియన్ 2014లో జారీచేసిన వాహన తనిఖీ ఆదేశంలో, 2012 జనవరి 1 తర్వాత రిజిస్టరైన కార్లకు కనీసం 58 శాతం, అంతకు ముందువాటికి 50 శాతం ఉండాలని ఉంది. ఆ కొలబద్దతో చూసినా మొత్తం మీద ఈ బండి గట్టెక్కినట్టే. ఆయనకు బ్రేకు బాగానే పడుతున్నట్టు తోచడానికి కారణం అదే. లోపం మొత్తంలో లేదు, ముందు ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడాలో ఉంది. ఎక్కువ ఉన్న చక్రం నుంచి తక్కువ ఉన్నదాన్ని తీసివేసి, ఎక్కువదానితో భాగిస్తే ఆ తేడా శాతం వస్తుంది: 262 నుంచి 171 పోతే 91, దాన్ని 262తో భాగిస్తే 35 శాతానికి దగ్గర. యూరప్ ఆదేశం ఒకే ఇరుసు మీద 30 శాతం దాటనివ్వదు. బ్రిటన్‌లో 2018 మే నుంచి అమలులో ఉన్న వర్గీకరణ ప్రకారం, స్టీరింగు తిరిగే ఇరుసు మీద ఒక చక్రం బలం రెండోదానిలో సగానికి కూడా చేరకపోతే ఆ లోపాన్ని ప్రమాదకరమైనదిగా నమోదు చేస్తారు, సరిచేయించకుండా ఆ బండిని రోడ్డెక్కించకూడదు.

రెండు చక్రాల మధ్య తేడాకు అంత పట్టింపు ఎందుకు? బ్రేకు ఎక్కువ పడే పక్కకు బండి తిరగబోతుంది. ఊళ్లో ముప్పై, నలభై వేగంలో చేయి తనంతట తానే స్టీరింగును కాస్త సర్దుకుంటుంది, నడిపేవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అదే బండి ఈశాన్య రుతుపవనాల వానలో, అక్టోబరు నవంబరు నెలల్లో, తడిసిన రహదారి మీద వేగంగా పోతుండగా డివైడరు దాటి గేదె అడ్డం వచ్చినప్పుడు పెడల్‌ను బలంకొద్దీ తొక్కితే, ఎడమకు లాగిన బండి రోడ్డు పక్కన ఆగి ఉన్న గ్రానైటు లారీ వైపుకే పోతుంది. మొత్తం సామర్థ్యం 60 శాతం ఉన్నా ఆ క్షణాన అది అక్కరకు రాదు. చీటీలో ముందుగా చూడవలసింది పెద్ద అక్షరాల్లో ఉండే మొత్తం శాతాన్ని కాదు, ముందు ఇరుసు మీది రెండు అంకెలను అని నేను చెప్పేది ఇందుకే.

అంకెలు చక్రాన్ని పట్టిచ్చాయి కనుక మెకానిక్కు ముందు కుడి చక్రం ఒక్కటే విప్పాడు. ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ జారవలసిన పిన్నులు తుప్పుతో బిగుసుకుపోయాయి. ఒక పక్క ప్యాడు అరిగి, రెండో పక్కది దాదాపు కొత్తగా ఉంది. పిన్నులు శుభ్రం చేసి, తగిన గ్రీజు పెట్టి, ముందు రెండు చక్రాలకూ ప్యాడ్లు మార్చాడు. మాస్టర్ సిలిండర్‌ను ముట్టుకోవలసిన పనే లేకపోయింది. తిరిగి పరీక్షిస్తే ముందు ఎడమ 258, కుడి 249 వచ్చాయి. తేడా 4 శాతం లోపుకు దిగింది, మొత్తం 67 శాతానికి చేరువైంది. చీటీ చదవకపోతే అయ్యే ఖర్చులో చిన్న భాగంతో పని పూర్తయింది.

సముద్రానికి దగ్గరగా ఉండే మన ఊళ్లలో ఈ బిగుసుకుపోవడం అరుదేమీ కాదు. కొత్తపట్నం, మైపాడు వైపు రోజూ తిరిగే బండ్లకు ఉప్పుగాలి, తేమ కలిసి ఇనుము మీద పనిచేస్తూనే ఉంటాయి. నాలుగు రోజులు కదలకుండా నిలిపిన కారుకు డిస్కు మీద ఎర్రటి పొర కనిపించడం అందరూ చూసిందే. ఆ పొర రెండు మూడు బ్రేకులకు పోతుంది గానీ, పిన్నుల్లోనూ, పిస్టన్ చుట్టూ చేరిన తుప్పు అలా పోదు. పరీక్షకు బండిని నేరుగా షెడ్డులోంచి తీసి పెట్టకుండా, కొంత దూరం తిప్పి నాలుగైదుసార్లు బ్రేకు వేసి తీసుకెళ్లడం మంచిది. అంకెలు అప్పుడే బండి అసలు స్థితిని చెబుతాయి.

నాలుగు అంకెలు పరచుకొని చూస్తే లోపం ఏ తరహాదో కొంతవరకు వాటి అమరికే చెబుతుంది. ముందు చక్రాలకు వెనుకవాటి కంటే బాగా ఎక్కువ రావడం సహజం, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కనుక తయారీదార్లు అలాగే అమరుస్తారు; ముందుకూ వెనుకకూ ఉన్న తేడాను చూసి కంగారు పడనక్కరలేదు. ఒక్క చక్రం మాత్రమే తగ్గితే ఆ చక్రం దగ్గరే లోపం: బిగుసుకున్న కాలిపర్, నూనె తగిలిన ప్యాడు, డ్రమ్ములోకి కారుతున్న వీల్ సిలిండర్, లోపల పూడుకుపోయిన హోస్ పైపు. వెనుక రెండూ సమానంగా తగ్గితే డ్రమ్ముల్లో షూల సర్దుబాటును అనుమానించాలి. ముందు ఎడమ, వెనుక కుడి కలిసి తగ్గితే సంగతి ఇంకా గట్టిది. చాలా చిన్న కార్లలో బ్రేకు ఆయిలు మార్గాన్ని ఐమూలగా రెండు భాగాలు చేసి ఉంచుతారు కాబట్టి, ఆ రెండు చక్రాలనూ నడిపే మార్గంలో ఒత్తిడి రావడం లేదని అర్థం. అలాంటి బండిని మెకానిక్కు దగ్గరికి నడిపించుకు పోవడం కన్నా మెకానిక్కునే పిలిపించడం మేలు.

పెడల్ మీద కాలు పెట్టకముందే చక్రం చూపే బలం ఒకటుంటుంది. చాలామంది దాన్ని చూడరు. అది ఒక చక్రానికి ఎక్కువగా ఉంటే ఆ బ్రేకు వదలడం లేదని, పట్టుకునే తిరుగుతోందని గ్రహించాలి. మైలేజీ తగ్గడం, ఆగినప్పుడు ఒక చక్రం దగ్గర వేడి, మాడిన వాసన రావడం దీనికి తోడు వచ్చే గుర్తులు. అలాగే పెడల్‌ను ఒకే తీరున నొక్కి ఉంచినా అంకె పైకీ కిందికీ ఊగుతుంటే డిస్కు వంకర పోయిందనో, డ్రమ్ము గుండ్రదనం తప్పిందనో తెలుస్తుంది.

ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువ పొరపాటుగా అర్థమయ్యే విషయానికి వస్తాను. పరీక్షలో బండి ఖాళీగా ఉంటుంది. ఖాళీ బండి వెనుక చక్రాల మీద బరువు తక్కువ. బ్రేకు ఇంకా బలంగా పట్టగలిగినా టైరు రోలరు మీద జారిపోతుంది, దాన్ని పసిగట్టి యంత్రం మోటార్లను ఆపేస్తుంది. చీటీలో ఆ చక్రం ఎదుట లాక్ అయినట్టు గుర్తు పడుతుంది. అలా లాక్ అయిన చక్రపు అంకె టైరు పట్టు ఎంతవరకు ఉందో చెబుతుంది, బ్రేకు బలం దానికంటే ఎక్కువే ఉండవచ్చు. లాక్ కాకుండానే అంకె చిన్నగా ఆగిపోయిందంటే మాత్రం అది బ్రేకు బలహీనతే. ఒకే 112 కిలోల అంకెకు, పక్కనున్న గుర్తును బట్టి, రెండు వేర్వేరు అర్థాలు వస్తాయి. గుర్తును వదిలేసి అంకెను మాత్రమే నోటితో చెప్పే పరీక్షకుడు సగం ఫలితాన్నే చెప్పినట్టు.

శాతాన్ని లెక్కగట్టిన బరువు కూడా అంతే ముఖ్యం. మా బావగారి బండి మరమ్మతు తర్వాత చూపిన మొత్తం 723 కిలోలు. ఐదుగురు మనుషులు, పైన క్యారియర్ మీద సామాన్లు కలిపి 400 కిలోలు ఎక్కిస్తే బరువు 1,480 అవుతుంది. బ్రేకులు నిజంగా ఇవ్వగలిగింది అంతేనైతే సామర్థ్యం 49 శాతానికి దిగుతుంది. లాక్ గుర్తు ఉండి, బ్రేకుల్లో ఇంకా శక్తి మిగిలి ఉంటే ఇంత దిగదు. ఖాళీగా హద్దును అంటీ అంటనట్టు దాటిన బండిని నిండుగా ఎక్కించి తిరుమలకు పంపేవారు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

శాతంలో ఎనిమిది తగ్గితే ఏమవుతుందని అనిపించవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టిన క్షణం నుంచి 58 శాతంతో ఆగే కారుకు సుమారు 43 మీటర్లు కావాలి, 50 శాతంతో ఆగే కారుకు 50 మీటర్లు కావాలి. ఏడు మీటర్లే కదా అనుకోవద్దు. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండో కారు ఇంకా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. అడ్డం వచ్చింది సైకిలు మీది పిల్లవాడైతే ఆ వేగం ప్రాణం తీయడానికి సరిపోతుంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు షుగరు పరీక్ష చేయించుకుంటే డాక్టరు బాగానే ఉందన్నా ఊరుకోరు. తినకముందు ఎంత, తిన్నాక ఎంత అని అడిగి, పాత కాగితాలన్నీ ఒక కవరులో దాచి, పోయినసారి కన్నా పెరిగిందా అని పోల్చుకుంటారు. బ్రేకు అంకెల విషయంలోనూ అసలు ప్రయోజనం ఆ పోలికలోనే ఉంది. ముందు చక్రాలు ఒక ఏడాది 250, 245 చూపి, మరుసటి ఏడాది 240, 200, ఆపై ఏడాది 235, 170 చూపాయనుకుందాం. తేడాలు వరుసగా 2, 17, 28 శాతం. 30 హద్దు అయితే మూడేళ్లూ పాసే. మూడు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసినవారికి మాత్రం కుడి చక్రం రెండేళ్లుగా దిగజారుతోందని, నాలుగో పరీక్ష దాకా అది నిలవదని కనిపిస్తుంది. పాసు అన్న ముద్ర ఈ దిగజారుడును మూడేళ్లపాటు కప్పిపెడుతుంది. ఈ పరీక్షల మీద నాకున్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

యంత్రం చెప్పలేనివీ ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. నడక వేగంలో జరిగే పరీక్షలో, గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసే అవకాశమే రాదు. అంతకన్నా ముఖ్యమైనది వేడి. రోలర్ల మీద బ్రేకు కొన్ని క్షణాలే పనిచేస్తుంది, చల్లగానే ఉంటుంది. శివరాత్రికి శ్రీశైలం వెళ్లి దోర్నాల వైపు నల్లమల ఘాట్ దిగివచ్చే బండికి జరిగే పరీక్ష వేరు. 1,500 కిలోల బండి 300 మీటర్ల ఎత్తును ఇంజను సాయం లేకుండా, బ్రేకులతోనే దిగిందనుకుంటే, గాలి ఆపుదలను పక్కనపెట్టి లెక్కిస్తే, గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఏడెనిమిదిసార్లు పూర్తిగా ఆపినంత వేడి ఆ బ్రేకుల్లోకి చేరుతుంది. ఆ వేడి బ్రేకు ఆయిలుకు చేరితే దాని వయసు బయటపడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4కు ఇవే అంకెలు 230, 155. ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరి, పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది. ఉదయం రోలర్ల మీద 67 శాతం చూపిన బండికి కూడా మధ్యాహ్నం ఘాట్‌లో ఈ గతి పట్టవచ్చు. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో రెండేళ్లకోసారి బ్రేకు ఆయిలు మార్పించడం, ఘాట్‌లో రెండో గేరులో దిగడం చీటీలో ఎంత మంచి అంకెలున్నా మానకూడని పనులు.

టైరులో గాలి తగ్గినా, రోలర్లు తడిసినా అంకెలు మారతాయి, అలాంటివి మామూలు మనిషి చేతికిస్తే అనవసరంగా భయపడతాడని వాదించేవారున్నారు. అంకెలు కొంత మారే మాట నిజం. నాలుగైదు శాతం అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కరలేదు కూడా. అయితే ఒకే రోజున, ఒకే యంత్రం మీద, ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకు మూడో వంతు తేడా వస్తే దాన్ని గాలి మీదికి నెట్టేముందు టైర్లలో గాలి సరిచూసి మళ్లీ కొలవాలి. మళ్లీ అదే వస్తే చక్రం విప్పాలి. భయపడతాడన్న వాదన నాకు అసలు మింగుడు పడదు. రోజూ ఇతరుల పిల్లలను బడికి దించే ఆటో, వ్యాను డ్రైవర్లకు తమ బండి ఏ పక్కకు లాగుతుందో తెలియకుండా ఉంచడం వారికి ఏ మేలూ చేయదు. నాలుగు అంకెలు కూడి భాగించడం రానివారు మన డ్రైవర్లలో ఎంతమంది ఉంటారు? ట్రిప్పుకు డీజిలు ఎంత, టోలు ఎంత, మిగులు ఎంత అని నోటిలెక్కతో తేల్చేవారే వారంతా.

కనుక ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తోపాటు తెలుగులో అచ్చైన ఒక చీటీ ఇవ్వడం తప్పనిసరి చేయాలి. అందులో నాలుగు చక్రాల బలం, పెడల్ నొక్కకముందు ఉన్న బలం, లాక్ గుర్తులు, ఇరుసుల వారీగా తేడా శాతం, హ్యాండ్ బ్రేకు అంకెలు, లెక్కకు తీసుకున్న బరువు ఉండాలి. నిరుటి అంకెలు పక్క గడిలో ఉంటే మరీ మంచిది. యంత్రం ఎలాగూ కొలుస్తోంది కాబట్టి దీనికి అదనంగా అయ్యేది కాగితం ఖర్చే. అది వచ్చేలోగా, పరీక్షకు వెళ్లినప్పుడు తెర మీద అంకెలు కనిపిస్తుండగా ఫోన్‌తో ఫొటో తీసుకోవడానికి అనుమతి అడగండి. ఆ ఫొటోతోపాటు ఆ రోజు తేదీ, మీటరు మీద ఉన్న కిలోమీటర్లు, అప్పటి ప్యాడ్లు ఎప్పుడు వేసినవో రాసి ఆర్సీ కవరులో పెట్టుకోండి. అవి లేకపోతే వచ్చే ఏడాది అంకె తగ్గినప్పుడు అది అరుగుదల వల్లా, కొత్త లోపం వల్లా అన్నది మెకానిక్కుకు చెప్పడం కష్టమవుతుంది.